నలభై ఎనిమిది తెలుపులు

రెండు గంటలకల్లా తెలుపు తెల్లగా కనబడాలి అని చెప్పి అల్లుడుగారు భోజనానికి వెళ్ళిపోయారు. ఒక యజమాని తన ఉద్యోగిని ఇంతకన్నా చిన్న కోరిక కోరిన దాఖలా లోకంలో ఉండదని రంగుల మాస్టారు అనుకున్నారు. మబ్బును కిందికి దింపమనలేదు, నదిని వెనక్కి తిప్పమనలేదు, తెలుపు తెల్లగా ఉండాలన్నారు, అంతే. గోడ గడియారం ఒంటిగంటా అయిదు చూపిస్తోంది. కింద అచ్చుయంత్రాలు ఆగాయి, ఆగిన తరువాతే తెలుస్తుంది అవి ఇంతసేపూ మోగుతున్నాయని, పక్కగదిలో ఎవరో టిఫిన్ డబ్బా మూతతో కుస్తీ పడుతున్నారు, మెట్లమీద చెప్పుల చప్పుడు దిగి దిగి సన్నబడింది, ఇక మిగిలింది ఈ గది, నల్ల పరదాలు దించిన ఈ పదడుగుల గది, గోడలకు బూడిదరంగు, బల్లకు బూడిదరంగు, మాస్టారి ఒంటిమీద చొక్కా కూడా బూడిదరంగే, ఎందుకంటే చొక్కా రంగు కంప్యూటరు తెరమీద పడి తీర్పును పాడుచేయకూడదని ముప్పై ఏళ్ళ కిందట ఆయనే ఒక శాసనం చేసి, దానికి తానొక్కడే ప్రజగా ఇప్పటిదాకా కట్టుబడి ఉన్నారు, బీరువాలో ఆయన వైపు తలుపు తీస్తే మబ్బు పట్టినట్టు ఉంటుందని ఇంటావిడ అంటుంది. ఈ బూడిదరంగు రాజ్యపు విస్తీర్ణం ఇరవై ఏడు అంగుళాలు, మూల నుంచి మూలకు కొలిస్తే. ఆ ఇరవై ఏడు అంగుళాల మీద ఇప్పుడు ఫోటోగ్రాఫరు పంపిన అసలు బొమ్మ ఒకటి ఉంది: ఒక గోడ, గోడ ముందు ఒక చెక్క కుర్చీ, కిటికీలోంచి పడిన ఎండ. గోడ తెల్లగా ఉండాలి. పాత పుస్తకంలో కాగితంలా ఉంది.

అల్లుడుగారు ఎవరికి అల్లుడో ఇప్పుడు ఎవరూ అడగరు. ఈ ముద్రణాలయం పెట్టిన పెద్దాయనకు అల్లుడు; పెద్దాయన పోయి పదకొండేళ్ళయినా ఈయన యజమాని కాలేకపోయారు, అల్లుడుగానే నిలిచిపోయారు, సొంత భార్య కూడా ఫోను చేసి అల్లుడుగారున్నారా అని అడిగిందని కింద యంత్రాల దగ్గర ఒక పుకారు. మర్యాదస్తులు. కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఇవాళ పొద్దున ఆ గొంతు వినడానికి మాస్టారు కుర్చీలో ముందుకు వంగవలసి వచ్చింది. "పెయింట్ల కంపెనీ పుస్తకం రెండుసార్లు వెనక్కొచ్చింది మాస్టారూ. మూడోసారి కూడా వస్తే ఇక ఈ బొమ్మల పని బయటికి ఇచ్చేద్దాం. అక్కడంతా మిషనే చూసుకుంటుందట. మీరు కింద తలుపు దగ్గర హాయిగా కూచుని పార్శిళ్ళు చూసుకోండి. పర్యవేక్షణ." ఆ చివరి మాటను ఆయన కానుక చేతికందించినట్టు అందించారు. పరి, అవ, ఈక్షణ, మాస్టారు దాన్ని మూడు ముక్కలుగా విడదీసి చూసుకున్నారు, ఈక్షణ అంటే చూడటం, పర్యవేక్షణ అంటే నలుదిక్కులా చూడటం; ఒక గోడను సరిగా చూడలేడని తేలినవాడికి నాలుగు దిక్కులూ అప్పగించడంలో ఉన్న ఔదార్యం సామాన్యమైనది కాదు. తలుపు దగ్గర కుర్చీ ఆయనకు తెలుసు. ప్లాస్టిక్‌ది. ఎర్రది. ఎదురుగా గోడమీద పడి తిరిగొచ్చే ఎరుపులో కూర్చున్నవాడి చేతులు కాలినట్టు కనబడతాయి.

పుస్తకం విషయానికొస్తే, అది నలభై ఎనిమిది తెలుపుల పుస్తకం. గోడకు వేసే తెలుపు ఒకటే అనుకునేవాళ్ళు అమాయకులు. శంఖం తెలుపు వేరు, పాలనురుగు వేరు, గుడ్డుపెంకు వేరు, తొలి వెన్నెల, మలి వెన్నెల వేరువేరు, వాటి మధ్య తేడా తయారుచేసినవాడికీ దేవుడికీ తెలుస్తుంది, మాస్టారికి కూడా తెలుస్తుందని ఈ ఊళ్ళో అచ్చుపనివాళ్ళందరి నమ్మకం, అందుకే వెనకాల ఆయన్ని డేగ అంటారు, ఆ సంగతి తనకు తెలియనట్టు ఆయన నటిస్తారు. ఒకే గదిని, ఒకే కుర్చీని, ఒకే ఎండలో నలభై ఎనిమిదిసార్లు ఫోటో తీసి పంపారు. మాస్టారు చేయవలసిందల్లా ప్రతి గోడనూ అచ్చులో దాని తెలుపుకు తేవడం. వచ్చిన ఫోటోలన్నీ పసుపుగా ఉన్నాయి, పసుపును చంపేది నీలం, కాబట్టి కొంచెం నీలం కలిపారు, అది విద్య. కంపెనీ తరఫున వచ్చే ఆవిడ, యంత్రాలవాళ్ళు తెలుపులమ్మ అని పేరుపెట్టిన పొట్టిజుట్టు ఆవిడ, మొదటి నమూనా చూసి కొంచెం చల్లగా ఉన్నాయండీ అంది. రెండో నమూనా చూసి చల్లదనం మాట కూడా ఎత్తలేదు. "మాస్టారూ, నేనడిగింది నలభై ఎనిమిది తెలుపులు. మీరు నలభై ఎనిమిది ఆకాశాలు ఇచ్చారు," అంది, నవ్వుతూ, ఆ నవ్వు అల్లుడుగారి గొంతును ఇంకో మెట్టు దించింది.

కాబట్టి ఇవాళ పదకొండింటికి బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరు చెడిపోయినప్పుడు మాస్టారికి కలిగింది దుఃఖం కాదు. బొమ్మను దగ్గరికి లాగితే సగం గోడ మాయమైంది. దాని చోట చదరంగపు గళ్ళు వచ్చాయి, బూడిద ఒకటి, తెలుపు ఒకటి. పక్కకు జరిపితే కుర్చీ కాలు ఒకటి వెళ్ళి కిటికీలో నిలబడింది. జరగడం ఆగినా దాని నీడ ఆగక ఒక నల్లపట్టీలా తెర అడ్డంగా ఉండిపోయింది. నింద పడ్డ ఇంట్లో అసలు దొంగ అటకమీద దగ్గినట్టు అనిపించింది ఆయనకు. అల్లుడుగారిని పిలిపించి, బొమ్మలు దిద్దే తన పెన్నును బడిబెత్తంలా పట్టుకుని ఒక్కో గడినీ చూపించారు. "చూశారా, లోపం ఇక్కడుంది. నీలం వేసింది నేను కాదండీ, నాచేత వేయించింది ఇది." అల్లుడుగారు చాలాసేపు చూశారు, కిటికీలో నిలబడ్డ కుర్చీ కాలు ఆయనకు కూడా నచ్చినట్టే ఉంది. "అయితే బాగుచేయించండి. ఆవిడ రెండింటికి వస్తున్నారు," అన్నారు. గళ్ళు సాక్షులు, నల్లపట్టీ సాక్షి, కుర్చీ కాలు ప్రత్యక్ష సాక్షి. ఇన్ని సాక్ష్యాల మధ్య మాస్టారు మూడు వారాల తరువాత మొదటిసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. బాగుచేయిస్తే సాక్షులు వెళ్ళిపోతారన్నది అప్పటికి తోచలేదు.

ఒంటిగంటా పది. వైర్లక్కకు ఫోను. కంప్యూటర్లు బాగుచేసే ఆవిడకు నలభై దాటి ఉండవు, మాస్టారికి యాభై ఎనిమిది, అయినా ఊరంతా అక్క అనేసరికి అది వరస కాకుండా హోదా అయి కూర్చుంది, ఆయనా అక్కా అనే అంటారు, ఆవిడా పలుకుతుంది.

"ఏం మాస్టారూ, మళ్ళీ ఏం పాడుచేశారు?"

"నేను పాడుచేయలేదక్కా. అదే పాడైంది."

"అందరూ అదే అంటారు. మా ఆయన మిక్సీ గురించి కూడా అదే అన్నాడు. సరే, ముందు మూసి తెరవండి."

మూసి తెరిచారు. గళ్ళు ఉన్నాయి. తెరుచుకునేటప్పుడు మూడు మీటలు కలిపి నొక్కిపట్టమంది, అలా పడితే సాఫ్ట్‌వేరు తన గతాన్నంతా మరిచిపోయి పుట్టినరోజు నాటి స్థితికి వెళ్తుందట, మనుషులకు అలాంటి మీటలు లేవు, ఉంటే ఎవరి వేళ్ళు ఎప్పుడూ వాటిమీదే ఉండేవో మాస్టారికి తెలుసు. నొక్కారు. పదిహేనేళ్ళుగా పేర్చుకున్న పనిముట్లు, ఎడమవైపు కుంచెలు, కుడివైపు పొరల పట్టీ, కింద ఆయనకు మాత్రమే అర్థమయ్యే పేర్లు పెట్టిన నూటపది అమరికలు, అన్నీ ఒక్క లిప్తలో పోయి, కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లా అయింది తెర. రాజధాని పోయి అడవి మిగిలింది. అడవిలో గళ్ళు ఉన్నాయి. తరువాత తెరను నడిపించే డ్రైవరు ప్రోగ్రాము కొత్తది దించుకోమంది. నీలిగీత ఒకటి ఎడమనుంచి కుడికి పాకుతూ, తొంభై తొమ్మిది దగ్గర ఆగి, ఆ చివరి ఒక్కటి కోసం ముందు తొంభై తొమ్మిదికి పట్టినంత సేపు ఆలోచించింది. మాస్టారు కూడా ఆలోచించారు, గళ్ళు పోకూడదని, పోవాలని, పోతే గోడ తెల్లబడుతుందని, తెల్లబడకపోతే అని, అక్కడితో ఆలోచన తనంతట తానే ఆగిపోయింది, గీతలాగే. "ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి, గ్రాఫిక్స్ కార్డు వాడుకో అని ఒక గడి ఉంటుంది, దాంట్లో టిక్కు తీసేయండి. మీ కార్డు ముసలిదైంది మాస్టారూ, దానికి ఇంత పని చెప్తే తిక్కతిక్కగా చేస్తుంది. దాని మానాన దాన్ని వదిలేయండి." టిక్కు తీశారు. గళ్ళు పోయాయి. కుర్చీ కాలు కిటికీ దిగి కుర్చీ కిందికి వచ్చింది. నల్లపట్టీ తుడిచినట్టు పోయింది. గోడ మూలమూలకూ నిండుగా, నున్నగా, నిర్మలంగా, పసుపుగా ఉంది.

"పోయిందా?"

"గళ్ళు పోయాయి."

"మరింకేం!"

"పసుపు పోలేదక్కా."

"పసుపేమిటి? పసుపు సంగతి చెప్పలేదే మీరు." అవును, చెప్పలేదు, గళ్ళ వెనక పసుపు కూడా పోతుందని, దొంగతో పాటు సొత్తూ దొరుకుతుందని అనుకున్నారు. అక్క ఉత్సాహంగా మళ్ళీ మొదలుపెట్టింది, ఆమెకిది కేవలం రెండో జబ్బు. కేబులు పీకి పెట్టించింది. కళ్ళకు హాయిగా ఉండటానికి సాయంత్రాలు తెరను పసుపుగా మార్చే మీట ఒకటుంటుంది, అది పొరపాటున పడిందేమో చూడమంది, పడలేదు. తెర రంగుల అమరిక మార్చమంది, మార్చారు, పసుపు మరో పసుపైంది. తెరకు వేలాడదీసి రంగు కొలిచే పరికరం ఉంది కదా, పెట్టండి అంది, పెట్టారు, నల్ల ఎండ్రకాయలా అది తెరను కరుచుకుని, దానికింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తరువాత ఒకటి వెలిగి ఆరి, చివరికి అది ఏ మాత్రం మొహమాటం లేకుండా, ఈ తెరలో తేడా ఎన్నదగినంత లేదని చెప్పింది. ఎండ్రకాయకు ఏం తెలుసు. బాణం గుర్తును గోడమీద పెట్టి మూల పెట్టెలో అంకెలు చదవమంది అక్క. ఎరుపు రెండువందల నలభై ఆరు, ఆకుపచ్చ రెండువందల నలభై ఆరు, నీలం రెండువందల నలభై అయిదు. "అవి దాదాపు సమానం కదా, అంటే తెలుపే కదండీ?" అంది. అంకెల ప్రకారం తెలుపు. అంకెల ప్రకారం చాలా జరుగుతాయి. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ పెట్టెను ఎన్నిసార్లు తెరిచారో ఒక చేతి వేళ్ళమీద చెప్పవచ్చు, ఎవరైనా కొత్తవాళ్ళు దాన్ని చూస్తూ కనబడితే, ఏమయ్యా, కర్ర పట్టుకుని నడుస్తున్నావా, అని అడిగేవారు.

ఆ మాటకొస్తే పసుపు ఈ తెరకే పరిమితం కాదు. అదే ఆయన ఎవరికీ చెప్పనిది. నమూనాలు చూసే గూట్లో ట్యూబులైటు పసుపెక్కిందని పోయిన నెల మార్పించారు, కొత్తదీ పసుపే, దుకాణంవాడు పాతసరుకు అంటగట్టాడని తిట్టారు. కాగితం పసుపెక్కిందని మిల్లుకు ఉత్తరం రాశారు, రెండు పేజీలు, కొంచెం ఛందస్సు వినబడే వాక్యాలలో. మిల్లువాళ్ళు క్షమాపణ చెబుతూ పంపిన కొత్త కాగితం కూడా పసుపే, క్షమాపణ పత్రం కూడా. ఇంట్లో దిండు గలేబులు. "తెల్లవి తెమ్మంటే ఇవి తెచ్చావేం?" "అవి తెల్లవేనండీ." "ఇవి తెలుపా? నాతో చెబుతున్నావా, తెలుపు గురించి?" ఇంటావిడ ఆయన ముఖంలోకి, గలేబులోకి, మళ్ళీ ముఖంలోకి చూసి, చాలా మృదువుగా, ఎందుకైనా మంచిది ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి అంది. చేయించుకున్నారు. కామెర్లు లేవు. కాలేయం నిర్దోషి అని ముద్రవేసి ఇచ్చారు, ఆ కాగితాన్ని ఆయన భోజనాల బల్లమీద అందరికీ కనబడేలా వారం రోజులు ఉంచారు. తన శరీరంలో పసుపు లేదని ప్రభుత్వ ముద్రతో రుజువైంది కాబట్టి, ఉన్నదంతా లోకంలోనే ఉన్నట్టు లెక్క. లోకం పాతబడుతోంది, ఎవరికీ పట్టడం లేదు, గమనించగల కన్ను ఒక్కటే ఉంది. ఇంత బాధ్యతను ఆయన నెలలపాటు ఒంటరిగా, దాదాపు సంతోషంగా మోశారు.

"మాస్టారూ, ఉన్నారా?" అంది ఫోను. "ఆఖరుగా ఒకటి. పైన ఏదో పసుపు పొర వేసి మరిచిపోయి ఉంటారు. పొరల పట్టీ తెరిచి, ఒక్కో కన్నూ మూసి చూడండి. ఏ కన్ను మూస్తే పసుపు పోతుందో, గోల దాంట్లో ఉన్నట్టు." ఇది ఈ వృత్తిలో మాట. బొమ్మమీద చేసే ప్రతి దిద్దుబాటూ ఒక పారదర్శకమైన పొర. పట్టీలో ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే కన్ను మూసుకుని ఆ పొర కనబడకుండా పోతుంది, మళ్ళీ నొక్కితే తెరుచుకుంటుంది. నా పొర కన్నుమూసింది అని భోజనాల దగ్గర పాత హాస్యం కూడా ఒకటుంది, ఎవరూ నవ్వరు. మాస్టారు తెరమీదున్న అసలు బొమ్మకు పొరల పట్టీ తెరిచి చూశారు.

"ఒక్కటే పొరక్కా. ఒక్కటే కన్ను."

"సరే, అదే మూయండి."

మూశారు. గోడ, కుర్చీ, ఎండ మొత్తం పోయాయి. తెరిచారు. అన్నీ వచ్చాయి, పసుపుతో సహా.

"అయితే పసుపు బొమ్మలో లేదు, తెరలో లేదు, కార్డులో లేదు," అంది అక్క, వేళ్ళు మడుస్తున్నట్టుంది. "నాకు తెలిసిన చోట్లన్నీ అయిపోయాయి మాస్టారూ. కావాలంటే సాయంత్రం వచ్చి చూస్తాను. పెట్టేస్తున్నా, ఇక్కడొకాయన ప్రింటర్లో చెయ్యి పెట్టి కూర్చున్నాడు."

ఒంటిగంటా ముప్పై అయిదు. గదిలో కంప్యూటరు ఫ్యాను తప్ప చప్పుడు లేదు. రెండో నమూనా బల్లమీద పడి ఉంది, తెలుపులమ్మ ఆకాశాలన్నది. తీసి చూస్తే తెల్లగా ఉంది, ఇంత తెల్లగా ఉన్నదాన్ని ఆకాశం అనడానికి ఎంత గుండె కావాలి, ఆకాశం, ఆకాశం అని ఎవరినో అనేవారు, కోర్టు గుమాస్తా, ఆకాశం గుమాస్తాగారొస్తున్నారు అని వరండాలో ప్లీడర్లు, అది నాన్న. నాన్న చొక్కాలు. తెల్ల చొక్కా తప్ప వేసుకోకూడని ఉద్యోగం, అమ్మ రోజూ ఉతికి, చివరి బకెట్లో నీలిమందు చుక్కలు వేసి, జాడించి ఆరేసేది, మొదట్లో మూడు చుక్కలు, ఏళ్ళు గడిచి అయిదు, తరువాత సీసా వంచడమే, తీగమీద చొక్కాలు ఆరుతుంటే పెరట్లోకి ఒక ముక్క ఆకాశం దిగినట్టుండేది. నాన్న ఏమీ అనలేదు, ఆయన జీవితంలో ఎవరినీ ఏమీ అనలేదు, నీలిచొక్కాలోనే వాయిదాలు పిలిచేవాడు. అన్నది కొడుకు. ఇరవై ఆరేళ్ళ కొడుకు, అచ్చాఫీసులో చేరి నాలుగేళ్ళు, జేబులో రంగుల కార్డు లేకుండా తిరగని కొడుకు, ఒక ఆదివారం చొక్కాను తీగమీదనుంచి లాగి, కార్డును పక్కన పెట్టి, ప్రపంచంలో మొదటిసారి రంగును కనుక్కున్నవాడిలా చెప్పాడు. "అమ్మా, ఇది తెలుపు కాదు. ఇరవై శాతం నీలం." "నా కళ్ళకు తెల్లగానే ఉంది నాయనా," అంది అమ్మ. "నీ కళ్ళ సంగతి నాకెందుకు, కార్డు చెబుతోంది." పెద్దక్క వచ్చింది, అమ్మకు ఈమధ్య చాదస్తం ఎక్కువైంది రా, ఆ సీసా ఇటివ్వమ్మా, ఇక నేను వేస్తాలే అంది. అమ్మ సీసా మూత బిగించి ఇచ్చింది. తడిచేతులు తుడుచుకుంది. ఆ తరువాత ఆవిడ పెరటి మెట్టుమీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, బట్టలు ఆరే రోజుల్లో, తీగవైపు చూస్తూ, ప్రతిసారీ అడిగేది, తెల్లగా వచ్చాయా అని. వచ్చాయమ్మా అని వీళ్ళు, ఆవిడ చూస్తూనే ఉంది కదా, మళ్ళీ అడగడమెందుకని విసుగు. చూస్తూనే ఉంది. ఆవిడ కంటికి పసుపుపచ్చని చొక్కాలు వరసగా ఆరుతుంటే చూస్తూ, తెల్లగా వచ్చాయా అని అడుగుతోంది, అబద్ధం చెబుతున్నారనుకుందో, తన చేతులే పాడయ్యాయనుకుందో. మూడు చుక్కలు తెల్లగా కనబడనప్పుడే కదా అయిదు వేసింది. సీసా వంచినప్పుడు కదా తెలుపు చూసింది. ఆ కేసులో వాది, సాక్షి, నిపుణుడు, న్యాయమూర్తి నలుగురూ ఒక్కడే. తీర్పు వచ్చి ముప్పై రెండేళ్ళు. అప్పీలు చేసుకోవలసిన మనిషి లేదు.

ఒక్కో కన్నూ మూసి చూడండి. అక్క పొరల గురించి చెప్పింది. మాస్టారు కుడికన్ను మూశారు. గోడ చిక్కటి పసుపు, టీ ఒలికి ఆరిన గుడ్డలా. కుడికన్ను తెరిచి ఎడమకన్ను మూశారు. గోడ తెల్లగా ఉంది. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. గోడ రెండుసార్లు పసుపై రెండుసార్లు తెలుపైంది, తెరలో ఏమీ మారలేదు, ఎండ్రకాయ చెప్పినట్టే. చొక్కా చూసుకున్నారు, చేతులు చూసుకున్నారు, గడియారం ముఖం చూశారు, ఎడమకన్ను మూసిన లోకంలో అన్నీ ఉతికినట్టున్నాయి. కళ్ళజోడు మార్పించుకోమని ఇంటావిడ రెండేళ్ళుగా చెబుతోంది. డేగ కళ్ళజోడు దుకాణంలో అక్షరాలు చదువుతూ నిలబడటం ఎలా ఉంటుందని వెళ్ళలేదు. డాక్టరు చూస్తే గాని ఖాయంగా చెప్పలేం, కానీ దీనికొక పేరుంది, శుక్లం. శుక్లమంటే తెలుపు. నలభై ఎనిమిదీ తెలుసుననుకున్నవాడి కంట్లో నలభై తొమ్మిదోది కూర్చుని ఉంది, దాని ముందు మిగిలినవన్నీ వెలవెలబోతున్నాయి. పేరు పెట్టినవాడెవడో వెటకారం తెలిసినవాడు. నవ్వు రావాలి. వచ్చింది కూడా, సగం.

మిల్లుకు ఉత్తరం, ట్యూబులైటు దుకాణంవాడు, గలేబులు. పెద్ద జాబితా, తరువాత చూసుకోవాలి. ఒంటిగంటా నలభై రెండు. మాస్టారు తాను దిద్దిన బొమ్మలు తెరిచారు, ఒకటో నంబరు నుంచి. ప్రతిదాంట్లో రెండు పొరలు, కింద ఫోటోగ్రాఫరుది, పైన ఆయన వేసిన నీలం, దిద్దుబాటు అని ఆయనే పేరు పెట్టుకున్నది. దిద్దుబాటు పక్కన కన్ను మూశారు. రెండో నంబరు, మూడో నంబరు. మెట్లమీద చెప్పులు మళ్ళీ ఎక్కుతున్నాయి, కింద ఏదో యంత్రం దగ్గి మొదలైంది. మూడు వారాల పని, రోజుకు పది గంటలు, ఒక్కొక్కటి ఒక్కో నొక్కుతో పోతోంది, నొక్కడానికి రెండు క్షణాలు, తెరవడానికి పది. ఎంత నీలం వేశారో ఇప్పుడు ఒంటికంటితో చూస్తే తెలుస్తోంది, పద్ధెనిమిదో నంబరు దగ్గర, శాతంలో చెప్పాలంటే, చెప్పకపోవడమే మంచిది. రెండుకు రెండు నిమిషాలుందనగా నలభై ఎనిమిదోది మూసి, కుర్చీ వెనక్కి జరిపి, రెండు కళ్ళతో చూశారు. పసుపు. ఇది తెలుపని ఒప్పుకుని ఇవ్వాలి, కనబడకపోయినా.

తెలుపులమ్మ ముందు వచ్చింది, వెనక అల్లుడుగారు. ఆవిడ సంచి భుజంనుంచి దించకుండానే తెరమీదికి వంగింది. ఒకటి, రెండు, మూడు అని తానే ముందుకు జరుపుతూ పోయి, పన్నెండు దగ్గర ఆగింది.

"ఇదండీ! ఇదీ తెలుపంటే. ఏం చేశారు మాస్టారూ, మంత్రమేసినట్టుంది."

"తెరలో ఏదో సమస్య వచ్చిందండి," అన్నారు అల్లుడుగారు, గొంతు మామూలు ఎత్తుకు వచ్చింది. "కార్డు ముసలిదైందట. బాగుచేయించాం. లేకపోతే మా మాస్టారు తప్పు చేయడమేమిటి, ఈయన కన్ను..." అని చెయ్యి గాలిలో తిప్పారు, మాటలకు అందనిదన్నట్టు.

అంతా సిద్ధంగా ఉంది. అబద్ధం ఆడనక్కరలేదు కూడా, ఊరుకుంటే చాలు. కార్డు నిజంగానే ముసలిది, గళ్ళు నిజంగానే వచ్చాయి, ప్రతి ముక్కా నిజం. ముప్పై ఏళ్ళలో తాను చేసిన పనులన్నిటిలోకీ మెప్పు ఎక్కువ వచ్చింది తాను చేసిన పని తీసేసినందుకు, దీన్ని కూడా ఊరుకుని పుచ్చుకోవచ్చు, రేపు చాటుగా డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు, వచ్చే వారం ఎర్రకుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆవిడ ముప్పై ఒకటి దాటి, ముప్పై రెండు దాటి, మళ్ళీ వెనక్కి వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టింది.

"ఈ రెండూ నాకు ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఎక్కువ తెలుపండీ? పుస్తకంలో అది ముందు రావాలి. మీరు చెబితే అదే రాసుకుంటాను."

పసుపు పక్కన పసుపు. అంకెల పెట్టె తెర మూల ఉంది, ఆవిడ సంచి దానికి అడ్డంగా వేలాడుతోంది. ఏదో ఒకటి చెప్పవచ్చు, సగానికి సగం అవకాశం ఉంది, తప్పయినా రాసుకుంటుంది, తప్పని కనిపెట్టగలవాడెవడూ లేడు, కనిపెట్టవలసినవాడు తానే. అది ఆయనకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, భయంలా కాదు, చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టినట్టు. మాస్టారు ఎడమచెయ్యి ఎత్తారు. కళ్ళ డాక్టరు దగ్గర పిల్లలు మూసినట్టు అరచేతిని గిన్నెలా చేసి ఎడమకన్ను మీద పెట్టుకుని, తెర దగ్గరికి వంగి చూశారు. ముప్పై ఒకటిలో వేడి పాలమీగడలాంటిదేదో ఉంది, చాలా కొద్దిగా. ముప్పై రెండులో లేదు.

"ముప్పై రెండు."

ఆవిడ రాసుకుంది. చెయ్యి దించలేదు మాస్టారు. అల్లుడుగారు ఆ చెయ్యి వైపు చూస్తున్నారు.

"నలుసేమైనా పడిందా మాస్టారూ?"

అది కూడా ఒక దారే. మంచి మర్యాదగల దారి.

"లేదండి. ఈ కన్ను చెడిపోయింది. శుక్లం అనుకుంటాను. కార్డుకు వచ్చిన జబ్బు వేరు, అది పోయింది. నీలం వేసింది నేనే, నలభై ఎనిమిదింటికీ. నాకు పసుపుగా కనబడి వేశాను. ఇప్పుడు తీసేశాను, మీరు చూస్తున్నది ఫోటో తీసినాయన పని. నాది ఇందులో ఏమీ లేదు."

కింద యంత్రాలు అన్నీ తిరుగుతున్నాయి, నేల సన్నగా అదురుతోంది. తెలుపులమ్మ కలం కాగితం మీద ఆగింది. అల్లుడుగారు ఏదో అనబోయి, గొంతు ఏ ఎత్తులో పెట్టాలో తెలియనట్టు ఆగి, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోని ఆ గదిలో మూలనున్న స్టూలు లాక్కుని, మీద ఉన్న కాగితాల కట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తెరను చూశారు, మాస్టారి అరచేతిని చూశారు.

"తేడా నాకు ఏ కంటికీ తెలియడం లేదు," అన్నారు చివరికి, చాలా మెల్లగా, అది కోపం కాదు. "మిగతా పదహారూ ఆ కంటితో చూసిపెట్టండి. తరువాత మాట్లాడుకుందాం."

"తరువాత ఏమిటో ఇప్పుడే చెప్పండి."

"డాక్టరుకు ఫోను చేస్తాను. ఆపైన నాకూ తెలియదు మాస్టారూ."

అది నిజమే అయి ఉంటుంది. మాస్టారు అరచేతిని కంటిమీద ఇంకొంచెం గట్టిగా ఒత్తుకున్నారు.

"ముప్పై మూడు తీయమ్మా," అన్నారు.